అనుభవం లేని ముక్కు

తుమ్మానని నాకు ఉద్యోగం ఇవ్వలేదు.

దొంగతనం చేసి కాదు, దురుసుగా మాట్లాడి కాదు, అక్షరం ముక్క రాక కాదు. తుమ్మాను, అంతే. గుంటూరులో ఒక మిర్చి కొట్టులో, పదిమంది చూస్తుండగా, "అనుభవం లేని ముక్కు నాకొద్దు, పోరా" అని కొట్టు యజమాని వాకిలి వైపు చెయ్యి చూపించాడు. ఆ కొట్టు ఇప్పుడు లేదు. ఆ యజమానీ లేడు. ఆ వాకిలి ఉన్నచోట సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం వచ్చింది. నా కోపం మాత్రం ఎక్కడికీ పోలేదు, యాభై ఏళ్ళు దాటినా ఎక్కడ పెట్టింది అక్కడే ఉంది.

మొన్న దాన్ని మళ్ళీ బయటికి తీయించింది మా మనవరాలు కెజియా. కెమిస్ట్రీతో బీయస్సీ చేసింది. సింగరాయకొండ దాటాక హైవే పక్కన కారప్పొడి ఎగుమతి చేసే కంపెనీ ఒకటి ఉంది. అక్కడి ల్యాబులో ఉద్యోగం ఉందని ప్రకటన చూసి, పెళ్ళిచూపులకు కూడా అంత శ్రద్ధగా ఎవరూ తయారవరేమో, అంతగా తయారై వెళ్ళింది. సాయంత్రం బస్సు దిగి వచ్చి, ఫైలు మంచం మీద పడేసి, చెప్పులు కూడా విప్పకుండా కూర్చుంది.

"ఏమన్నారే?" అన్నాను.

"లోపలికి కూడా పిలవలేదు, కాగితాలు తీసుకుని పొమ్మన్నారు. బస్సులో ఉండగా, అనుభవం లేదని ఫోనుకు మెసేజీ వచ్చింది తాతయ్యా."

"కొత్తవాళ్ళు రావచ్చని ప్రకటనలో ఉందిగా? నేనే చదివి వినిపించానుగా?"

"కొత్తవాళ్ళే కావాలంట. రెండేళ్ళ అనుభవం ఉన్న కొత్తవాళ్ళు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ ల్యాబులో పనేమిటని అడిగాను. మిరపకాయ ఎంత ఘాటుందో కొలిచే యంత్రం ఒకటుంటుందట, దాని ముందు కూర్చుని అది చెప్పింది రాసుకోవాలట. "ఆ యంత్రానికి ఎన్నేళ్ళ అనుభవం ఉందో అడిగావా?" అన్నాను. "తాతయ్యా, నీకు తెలీదులే, ఊరుకో" అంది. ఇట్లా వద్దనిపించుకోవడం ఇది మూడోసారి. ఇక వెతకడం తన వల్ల కాదనీ, నెలాఖరుకు బెంగళూరు పోయి, స్నేహితురాలి గదిలో ఉండి, ఎవరెవరి ఫోన్లకో జవాబులు చెప్పే పనిలో చేరతాననీ అంది. అన్నేళ్ళు చదివిన కెమిస్ట్రీ ఫోన్లో ఎవరికి చెబుతుంది?

నాకు తెలీదన్న మాట మాత్రం నాకు నచ్చలేదు. ఆ యంత్రం చేసే పని ఒకప్పుడు నేను చేశాను. జీతం తీసుకుని, రోజంతా, ఆదివారం తప్ప. ఆ మాట చెబితే నవ్వింది. అందుకే ఇది రాస్తున్నాను.

మా ఇంట్లో ఎండాకాలం రాగానే ఏడాదికి సరిపడా కారం కొట్టేవాళ్ళు. నాన్న మిరప చేలలో కూలికి పోయి, చివరి కోతలో పొట్టికాయ తెచ్చేవాడు. వాకిట్లో గోనెపట్టాల మీద కాయ పోసి ఎండబెడితే ఇల్లంతా ఎర్రటి వెలుతురు పడేది. అమ్మా, మా మామ్మ మరియమ్మా తొడిమలు తీసేవాళ్ళు. తీసినంతసేపూ ఇద్దరూ చేతులు ముఖానికి తగలకుండా మోచేతుల్తో చెమట తుడుచుకునేవాళ్ళు. ఆ మోచేతి విసురు వాళ్ళకు అలవాటైపోయి, చర్చిలో పాట పాడేటప్పుడు కూడా అట్లాగే తుడుచుకునేవాళ్ళు. తరువాత రోట్లో పోసి రోకలి పోటు వేస్తుంటే వీధి వీధంతా దగ్గేది. మామ్మ ఒక్కతే దగ్గేది కాదు, తుమ్మేది కాదు. ఆమెకు ముక్కుపొడి అలవాటు. రవికలో చిన్న రేకుడబ్బా ఉండేది. గంటకోసారి రెండు వేళ్ళ మధ్య చిటికెడు తీసి ముక్కుపుటాల్లోకి ఎక్కించి, ఎవరో శుభవార్త చెప్పినట్టు కళ్ళు మూసుకునేది. ఆ ముక్కును ఇక లోకంలో ఏదీ కదిలించలేకపోయేది.

తను తుమ్మకపోయినా, తుమ్ముల మీద అధికారమంతా ఆమెదే. ఎవరైనా గడప దాటబోతుంటే ఇంట్లో ఎవరైనా ఒక్క తుమ్ము తుమ్మారా, ఇక ఆ మనిషి కదలకూడదు. వెనక్కి వచ్చి, కూర్చుని, మంచినీళ్ళు తాగి, ప్రార్థన చేసుకుని అప్పుడు వెళ్ళాలి. ఒంటి తుమ్ము మంచిది కాదు. జంట తుమ్ము అయితే పరవాలేదు, బయలుదేరవచ్చు. మా పాస్టరు గారు ఒకసారి ఇంటికి వచ్చినప్పుడు దీని మీద గట్టిగానే మాట్లాడారు.

"మామ్మా, దేవుణ్ణి నమ్ముకున్నవాళ్ళం మనం. తుమ్ముకు భయపడితే ఇక విశ్వాసం ఏమైనట్టు?"

"విశ్వాసం ఉండబట్టేగా అయ్యగారూ, కూచుని ప్రార్థన చేసుకుంటన్నాం. తుమ్మినా ఆగకుండా పోయేవాళ్ళు ప్రార్థన ఎక్కడ చేస్తారు?"

పాస్టరు గారు వెళ్ళడానికి లేచారు. సరిగ్గా అప్పుడే మా నాన్న తుమ్మాడు, ఒక్కటే. పాస్టరు గారు గడప వైపు చూశారు, మామ్మ వైపు చూశారు, మళ్ళీ కూర్చుని మంచినీళ్ళు అడిగారు.

నా చదువు సంగతి కూడా చెప్పాలి. ఐదో తరగతితో బడి అయిపోయింది. మిగతాదంతా పొట్లాల మీద చదివాను. శెట్టి కొట్లో పప్పు కట్టిచ్చిన కాగితం, బెల్లం కట్టిచ్చిన కాగితం, ఏదీ పారేసేవాణ్ణి కాదు. పొట్లం చిరిగినచోట నా చదువు ఆగేది. అందువల్ల నాకు ఎన్నో కథల మొదళ్ళు తెలుసు, చివరలు తెలియవు. ఒక హంతకుణ్ణి ఇరవై ఏళ్ళపాటు వెతికాను, వాడు ఏ చింతపండు పొట్లంలోనో పోయాడు. కానీ రాయడం, చదవడం ఎవరికీ తీసిపోను. మా వాడలో ఎవరికి ఉత్తరం వచ్చినా నేనే చదివిపెట్టాలి. కూలికి పోవడం నాకు చిన్నతనంగా అనిపించి కాదు, చదివింది చేత్తో వాడాలని ఉండేది. బల్ల ముందు కూర్చుని చేసే ఉద్యోగం, నెల మొత్తం ఉండే ఉద్యోగం కావాలి నాకు. నాన్న ఒక మాట అన్నాడు. "ఈ వేసవి దాకా చూస్తా. దొరికితే దొరికినట్టు. దొరక్కపోతే తొలకరికి నాగలి పట్టాల్సిందే."

గుంటూరు మిర్చి కొట్టులో చీటీలు చదివే మనిషి కావాలన్న కబురు తెచ్చింది పాస్టరు గారే. రైతులు తెచ్చిన బస్తాల మీద చీటీలుంటాయి. వరస ప్రకారం ఒక్కొక్కటి తీసి, ఎవరి సరుకో, ఏ రకమో గట్టిగా చదవాలి. ఆయనే నాకొక ఉత్తరం కూడా రాసిచ్చారు. "ఇమ్మానియేలు అను ఈ చిన్నవాడు నమ్మకస్థుడు, వినయశీలి, ఎంత పొడుగు ప్రసంగమైనను నిద్రపోకుండా వినువాడు" అని. నేను దాన్ని బస్సులో నాలుగుసార్లు చదువుకున్నాను. ఇంత గొప్పవాణ్ణని నాకే తెలియదు.

కొట్టు యజమాని పేరు రత్తయ్య గారు. పెద్ద మనిషి, పెద్ద బొజ్జ, భుజం మీద చీరాల నేత తుండుగుడ్డ. ఉత్తరం చేతికి తీసుకుని, దూరంగా పట్టుకుని, అంతా చదివాడు.

"ఉత్తరం బాగుంది. ఇందులో నీ ముక్కు గురించి ఒక్క ముక్కైనా లేదే?"

నాకు అర్థం కాలేదు. "ముక్కు గురించి ఏం రాయాలండీ?" అందామనుకున్నాను. ఈలోగా ఆయన పక్కనున్న బస్తా మూతి విప్పి, "ఉత్తరం సరే, మచ్చు చూద్దాం" అంటూ లోపలికి చెయ్యి పెట్టి, గుప్పెడు కాయ నా ముఖం ముందు దులిపాడు. మచ్చు అంటే నమూనా. ఏ బస్తా కొనాలన్నా ముందు గుప్పెడు తీసి చూస్తారు కదా, అట్లా నన్ను చూశాడన్నమాట. నేను పేరైనా చెప్పుకోకముందే తుమ్మాను. ఒక్క తుమ్ము. తుండుగుడ్డ కింద చేతులు పెట్టి బేరమాడుకుంటున్న ఇద్దరు వ్యాపారులు, కుండలో పాము కనబడ్డట్టు, చేతులు వెనక్కి తీసేసుకున్నారు.

అప్పుడు తెలిసింది అసలు సంగతి. ఆ రోజుల్లో ధర నోటితో చెప్పేవాళ్ళు కాదు. గుడ్డ కింద ఒకరి వేళ్ళు ఒకరు నొక్కి చెప్పుకునేవాళ్ళు. వేళ్ళు నొక్కేటప్పుడు ఒంటి తుమ్ము వినబడితే ఆ బేరం ఆ పూటకు చచ్చినట్టే. అందుకని మిర్చి కొట్లో పనిచేసే ప్రతివాడూ ముక్కు చంపుకున్నవాడై ఉండాలి. దాన్నే వాళ్ళు అనుభవం అంటారు.

"అనుభవం లేని ముక్కు నాకొద్దు, పోరా."

"అయ్యా, ఎవరూ పని ఇవ్వకపోతే అనుభవం ఎక్కణ్ణుంచి వస్తదండీ?" అన్నాను.

ఆయన జవాబు చెప్పలేదు. చెప్పకపోగా, నా వెనక నిలబడ్డవాణ్ణి "నువ్వు రా" అన్నాడు. మనిషి అడిగిన మాటకు జవాబు చెప్పకపోవడం తుమ్మడం కంటే పెద్ద తప్పని నేను అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. ఇంత కోపంలోనూ ఒక్క మాట ఆయన పక్షాన చెప్పాలి. మా వాడ పేరు వినగానే నన్ను వద్దనడానికి ఆ రోజుల్లో చాలామందికి చాలా కారణాలుండేవి. ఆయన ఏ వాడని అడగలేదు. ముక్కు ఒక్కటే అడిగాడు. దాన్ని మాత్రం నేను బాగుచేసుకోగలను.

మర్నాటి నుంచి ముక్కుకు శిక్షణ మొదలుపెట్టాను. మేకు కొట్టినట్టు రోటి పక్కన కూర్చునేవాణ్ణి. అమ్మ కారం దంచుతుంటే తల రోట్లో పెట్టినంత పని చేసేవాణ్ణి. తుమ్ము రావడం ఆగలేదు సరికదా, ఇంట్లో పనులన్నీ ఆగిపోయాయి. నాన్న పొద్దున్నే కొడవలి పట్టుకుని గడప దాటబోతాడు, నేను తుమ్ముతాను. మామ్మ "ఆగు" అంటుంది. నాన్న కూర్చుంటాడు, నీళ్ళు తాగుతాడు, ప్రార్థన చేస్తాడు, లేస్తాడు. నేను తుమ్ముతాను. ఒకరోజు ఐదుసార్లు ప్రార్థన చేశాడు. మా నాన్న అంత భక్తిగా ఉండటం అంతకుముందూ చూళ్ళేదు, ఆ తరువాతా చూళ్ళేదు. చేలో వాళ్ళు మా నాన్నకు పెద్ద జబ్బు చేసిందనుకుని చూడ్డానికి కూడా వచ్చారు.

చివరికి ఆయనే ఒక ఉపాయం కనిపెట్టాడు. నేను ఒకటి తుమ్మగానే పరుగెత్తుకొచ్చి నా ముక్కు కింద తొడిమ తీసిన కాయ పెట్టేవాడు.

"ఒరేయ్, ఇంకొక్కటి తుమ్మరా, పనికి పోవాల!"

"రావడం లేదు నాన్నా."

"రాకపోతే ఎట్టా? ఒకటి వచ్చిందిగా, దాని తమ్ముడు ఆ పక్కనే ఉంటాడు. పిలువు."

అట్లా తండ్రీ కొడుకులం వేసవంతా సాధన చేశాం. తుమ్మకుండా ఉండటం రాలేదు గాని, ఒకదాని వెనక ఒకటి అడిగినప్పుడు తుమ్మడం వచ్చింది. అది విద్య అని అప్పుడు తెలియదు.

తొలకరి దగ్గరపడింది. నాన్న నాగలి కర్రు కమ్మరి దగ్గర చరిపించుకొచ్చి చూరు కింద పెట్టాడు. నాకు కనబడేట్టు పెట్టాడు. ఇక ఆగి లాభం లేదని నేను పక్కింట్లో నిలవున్న పత్తి తెచ్చి, గింజ ఒలిచి, ఆ దూదిని రెండు ముక్కుపుటాల్లోకీ లోపలిదాకా కూరుకుని గుంటూరు బస్సెక్కాను. ఒక పంట పెట్టిన బాధకు ఇంకో పంట మందు. నల్లరేగడి మనిషికి ఆ మాత్రం తెలివి ఉండాలి.

కొట్లో ఆరోజు కిక్కిరిసి ఉంది. రత్తయ్య గారు ఒక పొరుగు రాష్ట్రం వ్యాపారితో గుడ్డ కింద చేతులు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. వరండాలో బస్తాల మీద రైతులు. నేను ఎదురుగా నిలబడి దణ్ణం పెట్టాను.

"దబస్కారబండీ."

"ఏందీ?"

"దబస్కారబండీ. పదికోసం వచ్చాదు. దేదు ఇప్పుడు తుబ్బదండీ."

ఆయన నన్ను పోల్చుకోలేదు. "ఏ ఊరి భాషయ్యా ఇది? పేరేంటి నీ పేరు?"

"ఇబ్బాదియేలండీ."

"ఇబ్బంది ఏల? ఇబ్బందేం లేదులే, పేరు చెప్పు."

"అదే పేరండీ. ఇబ్బాదియేలు."

"పేరే ఇబ్బందా?" అని ఆయన చుట్టూ చూశాడు. కొట్టంతా నవ్వింది. ఆ క్షణం నుంచి ఆ కొట్లో నా పేరు ఇబ్బంది. మా అమ్మ కోరి పెట్టుకున్న బైబిలు పేరు ఒక్క దూది ముక్కతో పోయింది. సరే, చదువు చూద్దామని నా చేతికి చీటీ ఇచ్చాడు. అందులో "నాంచారమ్మ, మేలు రకం, నాలుగు బస్తాలు" అని రాసి ఉంది. నేను గొంతు సవరించుకుని, వీధి చివరిదాకా వినబడేట్టు చదివాను.

"దాంచారబ్బ! బేలు రకం! దాలుగు బస్తాలు!"

మూల బస్తా మీద నుంచి ఒక పెద్దావిడ దిగ్గున లేచింది. "ఎవుర్రా దాంచారబ్బ? నా పేరు నాంచారమ్మ. మా అయ్య గుడికి పోయి పెట్టుకున్న పేరు. దాన్ని పట్టుకుని దంచారబ్బా అంటావేందిరా సచ్చినోడా, నన్నెవరు దంచారు?"

నేను క్షమించమని చెప్పబోయాను. చెప్పాలంటే ఊపిరి పీల్చాలి. పీలిస్తే దూది ఇంకా లోపలికి పోయింది. లోపలికి పోయిన దూది ముక్కులో చక్కిలిగిలి పెట్టింది. ఆ తరువాత జరిగింది నా చేతుల్లో లేదు. అంత పెద్ద తుమ్ము నా జీవితంలో నేను తుమ్మలేదు. రెండు దూది ఉండలూ తుపాకి గుళ్ళలా వెళ్ళి, ఒకటి నాంచారమ్మ గారి కొప్పులో, ఒకటి సరిగ్గా రత్తయ్య గారి బేరం గుడ్డ మీద పడ్డాయి.

ఒంటి తుమ్ము. పొరుగు రాష్ట్రం వ్యాపారి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. బేరం ఎంత పెద్దదో నాకు తెలియదు గాని, రత్తయ్య గారి ముఖం అంతకంతకూ తెల్లబడింది. లేచి, నా జబ్బ పట్టుకుని, అచ్చం మా నాన్న అన్న మాటే అన్నాడు.

"ఒరేయ్ ఇబ్బందీ, ఇంకొక్కటి తుమ్మరా!"

దేవుడు కొన్ని విద్యలు ఎందుకు నేర్పిస్తాడో అప్పుడే తెలియదు. నేను కళ్ళు మూసుకున్నాను. కారం రోలు తలచుకున్నాను, కొడవలి పట్టుకుని గడప మీద నిలబడ్డ నాన్నను తలచుకున్నాను, దాని తమ్ముడు పక్కనే ఉంటాడనుకున్నాను. ఉన్నాడు. రెండోది మొదటిదానికి ఏమాత్రం తీసిపోకుండా వచ్చింది. వ్యాపారి నవ్వాడు. నవ్వి, నన్ను పైనుంచి కిందిదాకా చూసి, తన భాషా మన భాషా కలిపి ఒక మాట అన్నాడు. మీ కొట్లో మనుషులెవ్వరికీ ముక్కు లేదు, సరుకు ఘాటుందో లేదో మీవాళ్ళ ముఖం చూస్తే తెలియదు, ఈ కుర్రాడి ముక్కు అబద్ధం చెప్పదు, అని. చెయ్యి మళ్ళీ గుడ్డ కిందికి పోయింది. బేరం కుదిరింది.

ఆరోజే నన్ను ఉద్యోగంలోకి తీసుకున్నారు, నెల జీతం మీద. చీటీలు చదవడానికి కాదు. బస్తా మూతి విప్పినప్పుడు గుడ్డ పక్కన కూర్చుని జంటగా తుమ్మడానికి. నాణ్యమైన కాయకు జంట తుమ్ము, పొట్టికాయకు చిన్న జంట తుమ్ము. నేను ఇంటికి పోయి చెబితే అమ్మ నమ్మలేదు. మామ్మ మాత్రం ముక్కుపొడి ఎక్కించుకుని, "చెప్పలా? జంట తుమ్ముకు దారి తెరుచుకుంటది" అంది. నాన్న నాగలి కర్రు తీసి అటక మీద పెట్టాడు.

రెండు వేసవులు హాయిగా తుమ్మాను. వ్యాపారులు వస్తూనే "ఇబ్బంది ఉన్నాడా?" అని అడిగేవాళ్ళు. "ఉన్నాడు" అంటే సంతోషంగా కూర్చునేవాళ్ళు. లోకంలో ఇబ్బంది ఉందంటే సంతోషించిన మనుషులు వాళ్ళొక్కరే. మూడో వేసవిలో ఒకరోజు బస్తా విప్పారు. నేను సిద్ధంగా ఉన్నాను. రాలేదు. ఇంకా దగ్గరికి వంగాను. రాలేదు. కొట్లో గాలి మా అమ్మ కొంగులాగా చల్లగా, అమాయకంగా ముక్కులోకి పోతోంది. నాకు అనుభవం వచ్చేసింది.

ఆ వారం నేను పడ్డ భయం పగవాడికి కూడా వద్దు. అనుభవం లేదని తోసేసిన చోటే అనుభవం వచ్చిందని తోసేస్తారు. ఇంటికి వెళ్ళి మామ్మ పక్కన కూర్చుని చెప్పుకున్నాను. ఆమె రవికలోంచి రేకుడబ్బా తీసి నా చేతిలో పెట్టింది. పక్కింటివాళ్ళు అడిగినా చిటికెడు పెట్టని మనిషి, డబ్బా మొత్తం ఇచ్చేసింది. ఆ పూట ఆమె ముక్కు ఖాళీగా, దిక్కులేనిదానిలా ఉంది. సాయంత్రానికి మొదటిసారి ఆమె తుమ్మడం విన్నాను. జంటగానే తుమ్మింది.

ముక్కుపొడితో పదిరోజులు నడిపాను. పదకొండో రోజు రత్తయ్య గారు నా జేబు మీద చెయ్యి వేశాడు. డబ్బా తీసి, మూత విప్పి, వాసన చూసి, వైద్యుడు జ్వరం గురించి అడిగినట్టు మెల్లగా అడిగాడు.

"ఎన్నాళ్ళయింది?"

"పదిరోజులండీ."

"అనుభవం వచ్చిందా?"

"వచ్చిందండీ. అయ్యా, లేనప్పుడు లేదని పొమ్మన్నారు. వచ్చాక వచ్చిందని పొమ్మంటే, ఇక మనిషి ఎప్పుడు పనిచెయ్యాలండీ?"

దీనికీ ఆయన జవాబు చెప్పలేదు. ఆ మనిషికి ప్రశ్నలంటే పడదు. డబ్బా నా చేతిలో పెట్టి, కిటికీ పక్కనున్న రాతబల్ల వైపు వేలు చూపించాడు, అంతే. నేను వెళ్ళి కూర్చున్నాను. ముప్ఫై ఏడేళ్ళు ఆ బల్ల దగ్గర నుంచి లేవలేదు. ఊళ్ళోనూ, ఊరవతలా ఉండే వ్యాపారులకు ఉత్తరాలు రాయడం నా పని. ఆ కొట్లో ఒక నియమం ఉండేది. ఏ ఉత్తరం వెళ్ళినా అందులో చిన్న పొట్లం కట్టి నాలుగు కాయలు పెట్టాలి. "మచ్చు లేని మాట చెల్లదు" అనేవాడు రత్తయ్య గారు. నేను రాసిన ఉత్తరాలన్నీ అట్లాగే వెళ్ళాయి, చివరికి ఆయన పోయినప్పుడు రాసిన కబురు తప్ప.

ఇదంతా ఆ రాత్రే కెజియాకు చెప్పాను. విని, "బాగుంది తాతయ్యా, కానీ ఇప్పుడు అట్లా కుదరదు" అంది. అప్పుడు మనిషిని ముందు నిలబెట్టి ముక్కు చూసేవాళ్ళు. ఇప్పుడు ముఖమైనా చూడకుండా కాగితం చూస్తారు. అప్పుడు వద్దన్నవాడు పేరు పెట్టి, తిట్టి, అందరి ముందు వద్దనేవాడు. పోట్లాడటానికి ఒక మనిషి దొరికేవాడు. ఇప్పుడు ఫోన్లో రెండు వాక్యాలు వస్తాయి, కింద సంతకం కూడా ఉండదు, ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియదు. ఏది మేలో చెప్పమంటే, నేను ముక్కు వైపే ఉంటాను.

అందుకని ఆ కంపెనీకి ఉత్తరం రాశాను. నాలుగు పేజీలు. నా సంగతంతా పూసగుచ్చినట్టు రాసి, మా వృత్తిలో అనుభవానికి ఒకటే కొలత అనీ, మిరపకాయ ముందు తుమ్మినవాడికి అది లేనట్టు, తుమ్మనివాడికి ఉన్నట్టు అనీ రాసి, చివర నా పాత ప్రశ్నే రాశాను. ఎవరూ పని ఇవ్వకపోతే అనుభవం ఎక్కడి నుంచి వస్తుంది? పద్ధతి ప్రకారం నాలుగు ఎండుకాయలు పొట్లం కట్టి పెట్టాను. మచ్చు లేని మాట చెల్లదు కదా. తొడిమలు కూడా తీయలేదు, మర్యాదగా నిండు కాయలే పెట్టాను. ఆ కవరు మీద పోస్టాఫీసు ముద్రలు రోకలి పోట్లలాగా పడతాయనీ, చేరేసరికి లోపల కాయలు కాయలుగా ఉండవనీ నేనెలా ఊహిస్తాను?

ఉత్తరం సంగతి తెలిసి కెజియా మండిపడింది. "పరువు తీశావు తాతయ్యా, ఇక ఈ జిల్లాలో నాకెవ్వరూ ఉద్యోగం ఇవ్వరు" అంది. బెంగళూరు బస్సుకు టికెట్టు తీసుకుంది. పెట్టె సర్దుకుంది. మా మామ్మ రేకుడబ్బా ఇంకా నా దగ్గరే ఉంటే, గుర్తుగా అది కూడా పెట్టెలో పెట్టుకుంటానంది. ఇవ్వనన్నాను. బస్సు ఆదివారం సాయంత్రం. శుక్రవారం మధ్యాహ్నం పోస్టు వచ్చింది. ఆ పిల్ల ఫోనుకు కాదు, నా పేరుకు, కవరులో, కింద సంతకంతో సహా. నా పాత ప్రశ్నకు నాకు ఇన్నేళ్ళకు దొరికిన మొదటి జవాబు ఇది. అక్షరం మార్చకుండా ఇస్తున్నాను.

"అయ్యా, మీ ఉత్తరం అందింది. అందినట్టు మా పై అంతస్తు వాళ్ళకు కూడా తెలిసింది. కవరు విప్పిన అమ్మాయి మొదలుకొని, పద్దెనిమిదేళ్ళ అనుభవం ఉన్న మా మేనేజరు గారి వరకు అందరం తుమ్మాం. మీరు రాసిన కొలత ప్రకారం చూస్తే మా ఆఫీసులో అనుభవం ఉన్నవాళ్ళు ఒక్కరూ లేరని తేలింది. అటువంటప్పుడు ఆ కారణం చెప్పి మీ మనవరాలిని వద్దనడం మాకే బాగాలేదు. సోమవారం ఉదయం తొమ్మిదింటికి పంపండి, ఉద్యోగం ఇస్తున్నాం. ఈ జవాబు మొన్ననే పంపవలసింది. సంతకం పెట్టబోయే ముందు మేనేజరు గారు ఒక్కటే తుమ్మి, రెండోది వచ్చేవరకు కలం పట్టనన్నారు. ఇకముందు మాకు ఏమైనా చెప్పదలిస్తే, దయచేసి మచ్చు లేకుండా రాయండి."